పార్కింగ్‌లో ఆ క్యూ గురించి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

పోయిన శనివారం పార్కింగ్ అంతా ఇక్కడ పంచే ఉచిత సరుకుల కోసం వచ్చిన కార్లతో నిండిపోయి పిల్లల్ని దింపడానికి ఆలస్యమైందని వాట్సాప్ గ్రూపులో చాలామంది రాశారు. అది నిజమే, ఇబ్బంది పడ్డారు. కానీ "అంత మంచి కార్లలో వచ్చి ఉచిత సరుకులా" అన్న మాట కూడా వచ్చింది, అది పిల్లల దాకా వెళ్లి వాళ్లు క్లాసులో నన్ను అడిగారు.

మనం తెలుగు బడికి అద్దెకు తీసుకునే ఈ బిల్డింగ్ వారమంతా ప్రభుత్వ బడి. ఇక్కడి పిల్లల్లో ఎక్కువమంది స్పానిష్ మాట్లాడే ఇళ్ల నుంచి వస్తారు. వాళ్ల తల్లిదండ్రులు ఇళ్లకు కప్పులు వేసేవాళ్లు, హోటల్ గదులు శుభ్రం చేసేవాళ్లు, వీళ్లకు మన టెక్సాస్‌లో కారు లేకపోతే పనే లేదు, కాబట్టి కారు చూసి కడుపు లెక్క కట్టకండి. అమెరికా వ్యవసాయ శాఖ లెక్కల్లో 2023లో దేశం మొత్తం మీద 13.5 శాతం ఇళ్లకు తిండికి భరోసా లేదు, హిస్పానిక్ ఇళ్లలో, అంటే స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్నవాళ్ల ఇళ్లలో, అది 21.9 శాతం.

అసలు బాధ ఏమిటంటే, అర్హత ఉన్నవాళ్లే అడగరు. ప్రభుత్వ సాయం తీసుకుంటే గ్రీన్ కార్డుకు అడ్డమయ్యేలా 2019లో ఒక నిబంధన ప్రకటించారు, అది తమకు వర్తించకపోయినా భయపడి ఇక్కడే పుట్టిన పిల్లలకు వచ్చే ఫుడ్ స్టాంపులు (తిండి కొనుక్కోవడానికి ప్రభుత్వం ఇచ్చే సాయం) కూడా మానేసిన కుటుంబాలున్నాయి. 2021లో ఆ నిబంధన పోయింది, భయం మాత్రం పోలేదు. గ్రీన్ కార్డు టెన్షన్ ఎలాంటిదో మనకు ఇంకొకరు చెప్పాలా? బడి భోజనానికి ఇమిగ్రేషన్ స్టేటస్ అడగరు, ఈ మాట మీ ఇంట్లో పనికి వచ్చేవాళ్లకు, పక్కింటివాళ్లకు దయచేసి చెప్పండి.

మన ఐదో తరగతి పిల్లల్ని చూస్తే నాకెంత గర్వంగా ఉందో! ఆ సరుకుల్లో పంచే కందిపప్పు ప్యాకెట్ల మీద ఎలా వండాలో స్పానిష్‌లో రాసి అంటించారు. మనమ్మాయి ఒకతి, ఒక పెద్దావిడకు తనకొచ్చిన స్పానిష్‌లోనే పోపు పెట్టడం చెబుతుంటే, జీలకర్ర మా ఇంట్లోనూ వాడతామంటూ ఆవిడ నవ్వేశారు.

ఈ సరుకుల కోసం పెట్టిన విరాళాల డబ్బా గురించి ఒక్క మాట. మీరు ప్రేమతోనే ఇస్తున్నారని తెలుసు, అయినా డేటు దాటిన మ్యాగీ, సగం వాడిన సాంబారు పొడి, లేబుల్ లేని ఆవకాయ సీసా ఎవరు తింటారండీ? మన పిల్లలకు పెట్టనిది ఇంకొకరి పిల్లలకు పంపకండి. బియ్యం, నూనె, పింటో బీన్స్, మొక్కజొన్న పిండి, సీలు తీయనివి తీసుకురండి. స్నాక్ టైములో ఇడ్లీలు డబ్బాతో సహా చెత్తబుట్టలో పడుతున్నాయి, తినేంతే పెట్టమని ఇంతకు ముందే రాశాను.

ముగ్గుల పోటీకి పేర్లు టీచర్లకు ఇవ్వండి, పాత లైబ్రరీ పుస్తకాలు తిరిగివ్వండి. సరుకులు పంచే శనివారాల్లో వెనక గేటు తెరిచి ఉంచుతాం, పిల్లల్ని అక్కడ దింపండి.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు