పెరంబూరులో మా అమ్మను ఆదుకున్నవారికి కృతజ్ఞతలు

మా అమ్మకు 74 ఏళ్లు. నెల్లూరు నుంచి వచ్చి చెన్నై పెరంబూరులో మా దగ్గరే ఉంటోంది. కొంతకాలంగా ఒకటే నీరసం, మలబద్ధకం, మతిమరుపు. మే నెల ఎండల్లో కూడా ఫ్యాను ఆపేసి శాలువా కప్పుకునేది. పెద్ద వయసు కదా, మామూలే అని చూసినవాళ్లంతా అన్నారు.

ముందుగా మా వీధి క్లినిక్‌లోని నర్సమ్మగారికి చేతులెత్తి నమస్కరిస్తున్నాను. ఆమెది చిత్తూరు వైపు. అమ్మకు తమిళం రాదు. ఆమె బీపీ చూస్తూ తెలుగులో పలకరించేసరికి అమ్మ చలి సంగతి, గొంతు బొంగురుపోయిన సంగతి అన్నీ చెప్పుకుంది. నాడి కూడా నెమ్మదిగా ఉందని గమనించి ఆమే డాక్టరుగారికి చెప్పారు. ఆయన టీ4 (థైరాయిడ్ గ్రంథి తయారుచేసే హార్మోన్), టీఎస్‌హెచ్ (ఆ గ్రంథిని పనిచేయించే హార్మోన్, థైరాయిడ్ తగ్గితే ఇది పెరుగుతుంది) పరీక్షలు రాశారు. థైరాయిడ్ బాగా తగ్గిపోయిందని తేలింది.

డాక్టరుగారి ఓపిక గురించి ఎంత చెప్పినా తక్కువే. ఈ వయసులో టీఎస్‌హెచ్ కాస్త పెరిగితే అందరికీ మందు అక్కర్లేదని, అమ్మకు టీ4 కూడా తగ్గింది కాబట్టే ఇస్తున్నానని వివరంగా చెప్పారు. అమ్మ గుండెకు స్టెంట్ ఉంది. అందుకే ఈసీజీ తీయించి, 25 మైక్రోగ్రాముల మాత్రతోనే మొదలుపెట్టారు. మోతాదు ఎక్కువైతే గుండె దడ వస్తుందని, ఎముకలు గుల్లబారతాయని తొందరపడలేదు. ఆరు వారాలు ఆగి, మళ్లీ రక్తపరీక్ష చూశాకే కొంచెం పెంచారు.

మందుల షాపు తమ్ముడికి కూడా థ్యాంక్స్. చీటీలో కాల్షియం మాత్ర చూసి, రెండూ కలిపి వేస్తే థైరాయిడ్ మందు ఒంటికి సరిగా పట్టదని, నాలుగు గంటలు ఎడం ఉండాలని అట్ట మీద తెలుగులోనే రాసిచ్చాడు.

ఇక పక్కింటి మామి. తెల్లారి ఐదున్నరకల్లా అమ్మకు ఫిల్టర్ కాఫీ పంపడం ఆవిడ అలవాటు. పరగడుపున మాత్ర వేసుకున్నాక గంటసేపు కాఫీ తాగకూడదని తెలిసిన రోజు నుంచి, ఆ గంట గడిచాకే డికాక్షన్ కలుపుతున్నారు. గ్లాసు చేతికిచ్చే ముందు "మాత్తిరై పోట్టాచ్చా?" (మాత్ర వేసుకున్నారా?) అని అడగందే ఇవ్వరు! అమ్మకు వచ్చిన మొదటి తమిళ ముక్క అదే.

ఇప్పుడు అమ్మ నెల్లూరులో ఉన్న చెల్లెలికి తనే ఫోన్ చేసి గంటలకొద్దీ మాట్లాడుతోంది. పేర్లు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు. మీ అందరికీ మా కుటుంబం రుణపడి ఉంటుంది.