తప్పు ‘ఏ’ తీగది కాదురా

చెన్నై,
ఆదివారం

ఒరేయ్ శీనూ,

నువ్వు పంపిన బేస్ గిటార్ ఫైల్ విన్నాను. వాయింపు బాగుంది, కానీ ‘ఏ’ స్వరం వచ్చినప్పుడల్లా బేస్ ఎక్కడికో పారిపోతోంది. కారణం నీ ఉత్తరంలోనే ఉంది: “ఆ స్వరం గదంతా గుయ్యిమంటోంది, అందుకే ఈక్యూలో 55 దగ్గర 8 డీబీ కోసేశా” అని రాశావు. అంటే ఒక్కో ఎత్తు శబ్దాన్ని విడిగా పెంచే, తగ్గించే ఈక్యూతో 55 హెర్ట్జ్ దగ్గర 8 డెసిబెల్స్ తగ్గించావన్నమాట. గుయ్యిమంటున్నది తీగ కాదురా, నీ గది. లెక్క చూడు. ధ్వని సెకనుకు 343 మీటర్లు పోతుంది. నీ వేళచ్చేరి గది పదడుగులు, అంటే 3.05 మీటర్లు. దానికి రెండింతలు 6.1. 343ని దాంతో భాగిస్తే 56 హెర్ట్జ్, నీ గది గుయ్యిమనే స్వరం అదే. వేలు నొక్కని ‘ఏ’ తీగ 55! పైగా గది పది బై పది కాబట్టి రెండు జతల గోడలూ కలిసి అదే స్వరాన్ని ఊపుతున్నాయి. గోడకు ఆనుకుని కూర్చుంటే ఆ స్వరం మీద పడిపోతుంది, గది నట్టనడుమ నిలబడితే దాదాపు మాయమవుతుంది. ‘ఏ’ స్వరాన్ని లూప్‌లో పెట్టి గదిలో నాలుగడుగులు నడిచి చూడు, నీకే తెలుస్తుంది.

కేబుల్ నేరుగా ఇంటర్‌ఫేస్‌లోకి (గిటార్‌ను కంప్యూటర్‌కు కలిపే పెట్టె) పెట్టావు కాబట్టి గది ఫైల్లోకి ఎక్కనే లేదు. లేని రోగానికి మందు వేశావన్నమాట. ముందు ఆ కోత తీసెయ్. స్పీకర్ల ముందు కూర్చునేటప్పుడు ఎదురు గోడకు సుమారు మూడు ముప్పావు అడుగుల దూరంలో చెవులుండేలా చూసుకో. 100 హెర్ట్జ్ కింద ఏ నిర్ణయమైనా హెడ్‌ఫోన్లలో సరిచూశాకే తీసుకో. గోడకు అంటించే పల్చటి ఫోమ్ పలకలు ఈ స్వరాలకు పనికిరావు, ఆ డబ్బుతో రెండు సెట్ల తీగలు వస్తాయి.

ఇక జాక్ సంగతి. బేస్‌ను ‘లైన్’లో పెట్టొద్దు, ఇంటర్‌ఫేస్ మీది ‘ఇన్‌స్ట్’ (ఇన్‌స్ట్రుమెంట్) బటన్ నొక్కు. పాసివ్ పికప్‌కు, అంటే బ్యాటరీ లేకుండా తీగ కదలికను కరెంటుగా మార్చే అయస్కాంతపు చుట్టకు, 1 మెగా ఓమ్ దరిదాపుల్లో ఇన్‌పుట్ కావాలి. లైన్ ఇన్‌పుట్ 10 వేల ఓమ్‌ల దగ్గర ఉంటుంది, దాంట్లో పెడితే పికప్ నీరసించి, పై స్వరాలు చచ్చి, దుప్పటి కప్పినట్టు వినిపిస్తుంది. యాక్టివ్ బేస్‌కు ఆ బెడద తక్కువ. కానీ వాయించనప్పుడు కేబుల్ బేస్‌లోంచి పీకెయ్, లేదంటే లోపలి 9 వోల్టుల బ్యాటరీ ఊరికే కరిగిపోతుంది. బ్యాటరీ దిగిపోతే శబ్దం ఒక్కసారిగా ఆగదు. ముందు గట్టిగా మీటిన స్వరాలు చిరుగుతాయి. అప్పుడు గెయిన్‌ని (లోపలికొచ్చే శబ్దాన్ని ఎంత పెంచాలో పెట్టే మీట) తిట్టుకోకు.

గెయిన్ పెట్టేటప్పుడు పాటలో ఎంత గట్టిగా కొడతావో అంత గట్టిగానే కొట్టి చూడు. మీటర్ మైనస్ 10 డీబీ దాటకూడదు, మామూలు వాయింపు మైనస్ 18 దగ్గర ఆడితే చాలు. 24 బిట్ రికార్డింగ్‌లో తర్వాత ఎంతైనా పెంచుకోవచ్చు. ఎర్ర లైటు వెలిగిన టేక్‌ను మాత్రం ఎవడూ బాగుచేయలేడు.

ఆ ఝుమ్మనే రొద గురించి అడిగావు. మన కరెంటు 50 హెర్ట్జ్, దాని పిల్లలు 100, 150. అన్నీ బేస్ ఉండే చోటే ఉంటాయి కాబట్టి ఈక్యూతో తీస్తే బేస్ కూడా పోతుంది. మూలం పట్టుకోవాలి. ముందు ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకి బ్యాటరీ మీద నడిపి చూడు. రొద ఆగితే దోషం ఛార్జర్‌దో ఎర్త్ లూప్‌దో (ఎర్త్ రెండు దారుల్లో కలిసి చుట్టు పడడం). అన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సులో పెట్టు. మూడో పిన్ను విరిచేసే తెలివి మాత్రం వద్దు, అది ప్రాణం మీదికి వచ్చే పని. తీగలు ముట్టుకుంటే రొద తగ్గుతోందా? అయితే బేస్ లోపల రొదను ఆపే లోహపు పొర, అదే షీల్డింగో, గదిలోని ఎలక్ట్రానిక్ ఫ్యాన్ రెగ్యులేటరో. నీది రెండు సింగిల్ కాయిల్ పికప్‌ల బేస్ కదా, రెండు వాల్యూములూ పూర్తిగా తిప్పితే రెంటి రొదా ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. ఒకటి కాస్త తగ్గించావో, మళ్లీ మొదలు. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద ఉన్నప్పుడు రికార్డింగ్ ఆపేసి టీ తాగు. కేబుల్ సందేహమైతే ఎలక్ట్రానిక్ సామాన్ల బజారు రిచీ స్ట్రీట్‌కు వెళ్లి షీల్డ్ ఉన్న తీగ నాలుగు మీటర్లు, రెండు మంచి జాక్‌లు కొని టంకం పెట్టుకో.

తీగల విషయంలో మన ఊరి గాలి శత్రువు. ఉప్పు, చెమట, తేమ కలిసి కొత్త తీగల మెరుపును తొందరగా తినేస్తాయి. ప్రతి టేక్ తర్వాత పొడిగుడ్డతో తుడువు. తేమకు గిటార్ మెడ కూడా కదులుతుంది: మొదటి ఫ్రెట్ (మెడ మీది అడ్డకమ్మి), చివరి ఫ్రెట్ నొక్కి పట్టుకుని ఏడో ఫ్రెట్ దగ్గర తీగ కింద సందు చూడు, 0.3 నుంచి 0.4 మిల్లీమీటర్లు ఉండాలి. తేడా ఉంటే మెడ వంపు సరిచేసే లోపలి కడ్డీ, ట్రస్ రాడ్, ఒక్కసారికి పావు చుట్టు, అంతకు మించొద్దు. పికప్ తీగకు మరీ దగ్గరైతే అయస్కాంతం లాగి స్వరం వణుకుతుంది. కింది ‘ఈ’ తీగ 41 హెర్ట్జ్, చాలా ట్యూనర్లు తడబడతాయి. 12వ ఫ్రెట్ దగ్గర తీగను నొక్కకుండా తాకి మీటి, ఆ పై స్వరం (హార్మోనిక్) పలికించి శ్రుతి చెయ్. గట్టిగా మీటితే స్వరం మొదట్లో కొంచెం పైకి పోతుంది, అందుకే శ్రుతి కూడా పాటలో కొట్టే బలంతోనే చూసుకోవాలి.

అసలు రుచంతా కుడిచేతిలోనే ఉంది. బ్రిడ్జ్ (తీగలు ఆనే కింది చివర) దగ్గర మీటితే బిగువు, మెడవైపు మీటితే గుండ్రం. వాయించని తీగ ఊరికే ఉండదు, సానుభూతితో మూలుగుతుంది. బొటనవేలు ‘ఈ’ మీద ఆన్చి ఉంచు. అమెరికా రికార్డు కంపెనీ మోటౌన్‌లో బేస్ వాద్యకారుడు జేమ్స్ జేమర్సన్ ఒక్క చూపుడువేలితో, మందపాటి ఫ్లాట్‌వౌండ్ (చదును చుట్టున్న) తీగలతో వాయించాడు, ఆంప్ లేకుండా నేరుగా స్టూడియో మిక్సింగ్ కన్సోల్‌లోకి రికార్డు చేసేవాళ్లు. పాత పాటల్లాంటి పొట్టి శబ్దం కావాలంటే బ్రిడ్జ్ దగ్గర తీగల కింద చిన్న స్పాంజ్ ముక్క దూర్చు. ఏ ప్లగిన్ (శబ్దాన్ని మార్చే సాఫ్ట్‌వేర్) ఇవ్వని బిగువు వస్తుంది.

వాయించేటప్పుడు బఫర్ (కంప్యూటర్ ఒక్కో విడతలో పట్టే శబ్దపు శాంపిల్స్) 128 పెట్టు. సెకనుకు 48 వేల శాంపిల్స్ రేటు దగ్గర అది 2.7 మిల్లీసెకన్ల ఆలస్యం. పోయిరావడానికి ఇంకా ఎక్కువే అవుతుంది, కాబట్టి కంప్యూటర్ దాకా పోకుండా ఇంటర్‌ఫేస్ నుంచే వినిపించే డైరెక్ట్ మానిటర్ ఉంటే అదే వాడు. టేకులన్నీ ఒకే కొలతలో వెనకబడుతుంటే తప్పు నీ చేతిది కాకపోవచ్చు. ఇంటర్‌ఫేస్ ఔట్‌పుట్ నుంచి ఇన్‌పుట్‌కే ఒక కేబుల్ పెట్టి క్లిక్ రికార్డు చేసి, ఎన్ని శాంపిల్స్ తేడా ఉందో చూసి సరిచెయ్.

మిక్స్‌లో ఎక్కువ పని లేదు. 30 హెర్ట్జ్ కింద కోసెయ్, ఐదు తీగల బేస్ అయితే 25 చాలు. కంప్రెసర్ (గట్టి శబ్దాన్ని అణిచేది) 4:1, అటాక్ (అణచడానికి తీసుకునే సమయం) 30 మిల్లీసెకన్లు, ముల్లు 4 నుంచి 6 డీబీ కదిలితే సరి. అటాక్ తగ్గిస్తే వేలి దెబ్బ చచ్చి ముద్దపప్పులా అవుతుంది. ఫోన్లో బేస్ వినబడట్లేదని కింద పెంచకు. ఆ బుల్లి స్పీకర్ 41 పలకలేదు, చెవి 82, 123, 164 విని కింది స్వరాన్ని తనే ఊహించుకుంటుంది. కాబట్టి ఆ పై స్వరాలను పుట్టించే శాచురేషన్ కాస్త వేసి, 700 నుంచి 1000 మధ్య 2 డీబీ ఎత్తు. ఆంప్ ముందు మైకు పెట్టే ఆలోచన అపార్ట్‌మెంట్‌లో మానుకో. పెట్టావే అనుకో, అడుగు దూరానికి 0.9 మిల్లీసెకన్ ఆలస్యం, అంటే 43 శాంపిల్స్. మైకు ట్రాక్‌ను అంత ముందుకు జరపకపోతే అదీ, కేబుల్ నుంచి నేరుగా వచ్చిన ట్రాకూ కలిసి బేస్‌ను పల్చన చేస్తాయి.

ఈసారి ప్లగిన్లేవీ లేకుండా పచ్చి వేవ్ ఫైల్ పంపు. ఛార్జర్ పెట్టి ఒకటి, తీసి ఒకటి, మధ్యలో పది సెకన్లు ఏమీ వాయించకుండా ఉంచు.

నీ
రఘు