సర్వర్ ఆన్ చేయగానే అడిగే పాస్‌వర్డ్ గురించి మన కస్టమర్లకు

మన దగ్గర సర్వర్లు కొన్నవాళ్లకూ, ఏఎంసీలో (ఏడాది మెయింటెనెన్స్ ఒప్పందంలో) ఉన్నవాళ్లకూ నమస్కారం.

ఈ మధ్య గుంటూరులో ఒక కోల్డ్ స్టోరేజీ నుంచి ఫోన్ వచ్చింది. రాత్రి కరెంటు పోయింది, యూపీఎస్ కూడా దిగిపోయింది. పొద్దున సర్వర్ ఆన్ చేస్తే విండోస్ రాకముందే పాస్‌వర్డ్ అడిగింది. అది పెట్టిన అబ్బాయి ఉద్యోగం మానేశాడు, ఫోనుకు దొరకలేదు. బయట మిర్చి టిక్కీల (బస్తాల) లారీలు ఆగి ఉన్నాయి, బిల్లు కొట్టే దారి లేదు. వాళ్ల టెన్షన్ చూశాక అందరికీ ఒకసారి వివరంగా చెప్పాలనిపించింది.

ముందుగా, డేటా ఎక్కడికీ పోదు. ఈ పాస్‌వర్డ్ ఉండేది మదర్‌బోర్డులో, హార్డ్ డిస్కులో కాదు. గుర్తొచ్చినవన్నీ కొట్టి చూడకండి. డెల్ సర్వర్ మూడుసార్లు తప్పు పడితే అక్కడే ఆగిపోతుంది, పవర్ ఆపి మళ్లీ ఆన్ చేయాల్సిందే. బయాస్ అంటే విండోస్ కంటే ముందు మదర్‌బోర్డులో నడిచే ప్రోగ్రామ్. దాని సెల్ పీకడం పాత డెస్క్‌టాప్‌ల పద్ధతి, సర్వర్ల మీద సాధారణంగా పనిచేయదు.

పనిచేసేది జంపర్. డెల్ పవర్‌ఎడ్జ్‌లో పవర్ కేబుళ్లన్నీ పీకి మూత తీస్తే, బోర్డు మీద వడ్లగింజంత ప్లాస్టిక్ తొడుగు రెండు పిన్నులను కలుపుతూ కనిపిస్తుంది. దాన్ని పక్క పిన్నుల మీదికి మార్చి సర్వర్‌ను ఒకసారి బూట్ చేయాలి, పాస్‌వర్డ్ చెరిగేది అప్పుడే. తర్వాత పవర్ ఆపి జంపర్‌ను పాత చోట పెట్టాకే కొత్త పాస్‌వర్డ్ ఇవ్వాలి. లేకపోతే కొత్తది కూడా తర్వాతి బూట్‌లో ఎగిరిపోతుంది. హెచ్‌పీ ప్రోలయంట్ మోడళ్లలో చాలావాటికి ఇదే పని ఎస్5 అనే చిన్న స్విచ్చు చేస్తుంది. దాని పక్కనున్న ఎస్6ను మాత్రం ముట్టుకోకండి, బయాస్ సెట్టింగులన్నీ పోతాయి.

మూత తీయగలిగినవాడు పాస్‌వర్డ్ కూడా తీయగలడన్నమాట. అందుకే సర్వర్ గదికి తాళం ముఖ్యమని ఎప్పుడూ చెబుతుంటాను. కరెంటు కోతలుండే చోట, ఇలా ఆన్ చేయగానే అడిగే పవర్-ఆన్ పాస్‌వర్డ్ వద్దన్నది నా గట్టి అభిప్రాయం. కరెంటు తిరిగొచ్చినా, ఎవరో ఒకరు వచ్చి టైప్ చేసేదాకా సర్వర్ లేవదు. బయాస్ సెట్టింగులు ఎవరూ మార్చకుండా సెటప్ పాస్‌వర్డ్ ఒక్కటి చాలు. ఇకమీదట కొత్త సర్వర్లకు మేం అదే పెట్టి, కాగితం మీద రాసి, కవర్ సీలు చేసి ఓనరు చేతికే ఇస్తాం. అది మీ బీరువాలో ఉండాలి, అకౌంటెంట్ ఫోనులో కాదు.

ఏఎంసీ ఉన్నవాళ్లకు ఈ పాస్‌వర్డ్ తీయడానికి డబ్బు అడగం. లేనివాళ్లకు విజిట్ ఛార్జీ మాత్రమే, ఎందుకంటే ఇందులో మార్చే పార్టు ఏమీ లేదు. మేం అమ్మని సర్వర్ అయితే కొన్న బిల్లూ, లెటర్‌హెడ్ మీద ఓనరు సంతకమూ చూపాలి. తెలిసినవాళ్లే పంపినా సరే, అవి లేకుండా మూత తీయం. ల్యాప్‌టాప్‌లు మాత్రం తీసుకోవడం లేదు. చాలావాటికి జంపరే ఉండదు, బోర్డు మార్చాల్సి వస్తుంది.

డిస్కుకు తాళం వేసే విండోస్ బిట్‌లాకర్ వాడుతున్నవాళ్లకు ఇంకో మాట. బయాస్‌లో మార్పు జరిగితే విండోస్ 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. అది లేకపోతే డిస్కు తెరవడం మా వల్ల కూడా కాదు. మా విజిట్ కోసం ఎదురుచూడకుండా ఈరోజే దాన్ని ప్రింటు తీసి, ఆ కవర్‌తో పాటే పెట్టుకోండి.