బాబాయ్, ఈ బోర్డులు నువ్వు చూడాలి

ఊస్టర్, మసాచుసెట్స్

బాబాయ్‌కి నమస్కారం,

ఇక్కడ అందరం బాగున్నాం. పిన్ని మోకాలి నొప్పి తగ్గిందని అమ్మ ఫోన్‌లో చెప్పింది, హమ్మయ్య అనిపించింది.

హార్ట్‌ఫర్డ్‌లో ఒక మ్యూజియం ఉంది బాబాయ్, పాతకాలపు టావెర్న్ బోర్డులు 60కి పైగా దాచారు, అన్నీ పెయింటర్లు చేత్తో వేసినవే, చెక్క మీద రెండు పక్కలా బొమ్మ, రోడ్డు మీదకి వేలాడేట్టు. నీదీ పెయింటింగ్ పనే కదా, చూస్తున్నంతసేపూ నువ్వే గుర్తొచ్చావు. టావెర్న్ అంటే తాగడానికే కాదు, దారిన పోయేవాళ్ళకి భోజనం, పడక, వాళ్ళ గుర్రాలకి మేత, పేపరొస్తే ఒకళ్ళు పైకి చదివితే మిగతావాళ్ళు వినడం, ఊరి మీటింగులు, అన్నీ అక్కడే. కాబట్టి ఆ గుమ్మం ముందు ఎవరి బొమ్మ వేలాడుతోందో ఊరంతా చూసేది.

అక్కడ ఇజ్రాయెల్ పుట్నం అనే ఆయన టావెర్న్ బోర్డు ఉంది, దాని మీద జనరల్ వుల్ఫ్ బొమ్మ. వుల్ఫ్ బ్రిటిష్ సేనాని, 1759లో క్యూబెక్ దగ్గర ఫ్రెంచి వాళ్ళ మీద గెలిచి అక్కడే చనిపోయాడు, పుట్నం కూడా ఫ్రెంచి వాళ్ళతో జరిగిన ఆ యుద్ధకాలంలో బ్రిటిష్ వాళ్ళ తరఫునే పోరాడాడు, అందుకే అంత అభిమానంగా పెట్టుకున్నాడు. అదే పుట్నం 1775లో, అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో, బోస్టన్ పక్కన బంకర్ హిల్ దగ్గర బ్రిటిష్ సైన్యానికి ఎదురు నిలబడ్డాడు! ఈ అమెరికా జనం పుట్టుకతోనే బ్రిటిష్ రాజుకి శత్రువులు కారు బాబాయ్, మొన్నటిదాకా ఆయన సేనాని బొమ్మని గుమ్మానికి కట్టుకున్నవాళ్ళే. నాకు ఏ యుద్ధం పెయింటింగ్‌లోనూ ఇంత స్పష్టంగా కనపడలేదు ఇది.

మరి 1776 జూలైలో అమెరికా స్వాతంత్ర్య ప్రకటన వచ్చాక రాజు గుర్తున్న బోర్డులకి మూడింది. మా ఊస్టర్‌లో కింగ్స్ ఆర్మ్స్ అని రాజు చిహ్నంతో ఒక టావెర్న్ ఉండేది, జనం వెళ్ళి దించమంటే ఓనర్ సంతోషంగా ఒప్పుకున్నాడని అప్పటి పేపర్లో రాశారు. నిజంగా సంతోషమేనా, గుంపుని చూసి భయమా, నాకైతే రెండూ ఉండుంటాయనిపిస్తుంది. బోస్టన్‌లో జూలై 18న ప్రకటన చదివాక ప్రభుత్వ భవనమైన పాత స్టేట్ హౌస్ మీది రాజచిహ్నాలు, సింహం, యూనికార్న్ (ఒంటికొమ్ము గుర్రం) బొమ్మలు, ఊళ్ళో ఎక్కడ రాజు గుర్తు కనపడితే అక్కడ పీకి కింగ్ స్ట్రీట్‌లో మంట వేశారు, అబిగెయిల్ ఆడమ్స్ ఈ సంగతి భర్తకి, తర్వాత అమెరికా ప్రెసిడెంటయిన జాన్ ఆడమ్స్‌కి, ఉత్తరంలో రాసింది. ఆ మంటలో ఎంతమంది పెయింటర్ల పని పోయిందో, వాళ్ళ పేర్లు కూడా నాకెక్కడా కనపడలేదు, అదే నాకు బాధ.

నీకు నచ్చే సంగతి ఇంకోటి. తర్వాతి కాలం బోర్డుల్లో బ్యాక్‌గ్రౌండ్‌కి తడి పెయింట్ మీద రంగు గాజుపొడి చల్లేవాళ్ళు, అక్షరాలకి బంగారు రేకు. ఎండ పడితే ఎలా మెరిసేదో! చాలా బోర్డులు పొరలు పొరలుగా ఉన్నాయి, ఓనర్ మారితే పేరూ సంవత్సరమూ చెరిపి, బొమ్మ మార్చి అదే చెక్క మీద మళ్ళీ వేసేవాళ్ళు. నిన్నే అడగాలి బాబాయ్, కింద ముదురు ఎరుపు ఉంటే పైన లేత రంగు వేసినా కొన్నాళ్ళకి ఎరుపు తేలిపోదా, దాన్ని ఆపడానికి నువ్వయితే ముందు ఏం పూస్తావు? ఈసారి ఫోన్ చేసినప్పుడు వివరంగా చెప్పు.

నీ,
చిన్నోడు