శీనుకి, సికింద్రాబాద్ నుంచి

ఒరేయ్ శీనూ,

నీ మెయిల్ వచ్చి రెండు నెలలవుతోంది. జవాబివ్వలేదని కోపంగా ఉండి ఉంటావు, తప్పు నాదే, క్షమించు. ఫోన్ చేసి చెబుదామని మూడుసార్లు అనుకున్నా. నీ గొంతు వినగానే ఏడ్చేస్తానేమోనని మానుకున్నా. అందుకే ఇలా రాస్తున్నా.

ఇంటి సంగతులు గబగబా చెప్పేస్తా. అమ్మ మోకాలి ఆపరేషన్ బాగా జరిగింది, మెట్లెక్కుతోంది. చిన్నోడు ఆరో తరగతి. మీ చెల్లెమ్మ కొత్త కుట్టుమిషన్ కొంది. అంతే.

అసలు సంగతి ఏంటంటే, నేను మందు మానేసి ఇవాళ్టికి 41 రోజులు.

వెంటనే నమ్మమని అడగను. పోయినేడు ఆ మందు మాన్పించే సెంటర్లో నెలరోజులున్నాక, బయటికొచ్చిన వారానికే వైన్స్ ముందు నిలబడ్డా. అప్పుడు నువ్వు పంపిన డబ్బు... ఆ సంగతి తర్వాత రాస్తా, రాసి తీరాలి, కానీ ముందు ఇది విను.

ఒక రాత్రి బయల్దేరదామంటే చెప్పులు కనపడలేదు. ఇల్లంతా తిట్టుకుంటూ వెతికా, చివరికి చెప్పుల్లేకుండానే వెళ్లి తాగొచ్చా. తెల్లారి మీ చెల్లెమ్మ అన్నానికి బియ్యం తీస్తుంటే డబ్బాలో ఉన్నాయిరా నా చెప్పులు. చిన్నోడు దాచాడు. ఆవిడ ఒక్క మాటా అనలేదు, వాటిని తీసి గుమ్మం దగ్గర పెట్టి, బియ్యం కడుక్కుంది.

ఆ పొద్దున్నే 14446కి ఫోన్ చేశా, వ్యసనాల మీద ప్రభుత్వం పెట్టిన టోల్ ఫ్రీ నంబరు. అక్కడి కౌన్సెలర్ ఓపిగ్గా విని, ఏఏ మీటింగుల గురించి చెప్పింది. ఆల్కహాలిక్స్ అనానిమస్. నెట్‌లో వాళ్ల నంబరు వెతికి చేశా. ఎత్తినాయన అడిగింది ఒకటే, "ఇవాళ తాగారా?" లేదు, రాత్రి తాగానన్నా. "సాయంత్రం ఆరుకి రండి. తాగినా రండి, తాగకపోయినా రండి." ఊరూ కులం ఏదీ అడగలేదు.

ఒక చర్చి వెనకాల స్కూలు. గేటు ముందు నుంచి రెండుసార్లు వెళ్లిపోయా. పూజలూ ప్రార్థనలూ చేయిస్తారేమో, మతం మార్పిస్తారేమో అని అనుమానం. చర్చికీ దానికీ సంబంధమే లేదట, ఆదివారం ఖాళీగా ఉంటుందని గది అద్దెకిచ్చారంతే. మూడోసారి లోపలికెళ్లా. పిల్లల బెంచీల మీద మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చున్న పదిహేను మంది మగాళ్లు, ఇద్దరు ఆడవాళ్లు. బోర్డు మీద సగం చెరిగిన పదమూడో ఎక్కం! ఎవరు గుర్తొచ్చారో నీకు చెప్పక్కర్లేదు. ఆ టెన్షన్‌లోనూ నవ్వొచ్చింది.

ఒక పెద్దాయన టీ ఇచ్చాడు. అందరికీ గ్లాసు నిండా పోసి, నాకు మాత్రం సగమే పోశాడు. కొత్తవాణ్ణని చిన్నచూపా అనుకున్నా. గ్లాసు పట్టుకున్నాక అర్థమైంది. పొద్దుట్నుంచీ చుక్క పడక నా చేతులు వణుకుతున్నాయి. నిండుగా ఉంటే ఒలికిపోయేది, పదిమందిలో తలెత్తుకోలేకపోయేవాణ్ణి. అది తెలిసే సగం పోశాడు. అయిపోగానే మాట్లాడకుండా వచ్చి మిగతా సగం పోశాడు. ఇన్నేళ్లలో నాకు బుద్ధి చెప్పినవాళ్లు ఎంతమందో, నా చెయ్యి చూసినవాడు ఇతనొక్కడేరా.

ఒక్కొక్కరూ లేచి పేరు చెప్పి, "నేను ఆల్కహాలిక్‌ని" అని, తమ కథ చెప్పారు. మధ్యలో ఎవరూ సలహా ఇవ్వరు, అడ్డురారు. ఒకాయన కూతురి పెళ్లికి దాచిన బంగారం గురించి చెప్పాడు. నా కథే అనిపించింది, ఎందుకంటే... అది కూడా తర్వాత. నా వంతొస్తే పేరు చెప్పి కూర్చున్నా. చాలన్నారు. చివర్లో చందా సంచి తిప్పారు, నా దగ్గరికి రాగానే "కొత్తవాళ్లు వెయ్యక్కర్లేదు" అని దాటించేశారు. ఫీజు లేదు. మానాలన్న కోరిక ఒక్కటుంటే చాలట.

వెళ్లబోతుంటే పెద్దాయన గట్టిగా ఒక మాటన్నాడు, "ఇంట్లో కూర్చుని ఒక్కసారిగా ఆపేయొద్దు, ఫిట్స్ వస్తాయి, ప్రాణాలు పోతాయి. ముందు డాక్టర్ దగ్గరికి పద." సంక్రాంతికి నేను పడిపోయింది ఎండ వల్ల కాదురా, అదే. నీక్కూడా అబద్ధం చెప్పా. మర్నాడు తనే ఆస్పత్రికి తీసుకెళ్లాడు. తొమ్మిది రోజులు ఉన్నా, మందులతో మెల్లగా దింపారు. అక్కడికీ ఇద్దరు మీటింగు వాళ్లు వచ్చి కూర్చునేవాళ్లు.

ఆయనే ఇప్పుడు నా స్పాన్సర్, అంటే ఏ వేళైనా ఫోన్ చెయ్యగలిగే మనిషి. ఏఏ ఎలా మొదలైందో ఆయనే చెప్పాడు. 1935లో అమెరికాలో, ఆక్రన్ అనే ఊళ్లో, బిల్ అనే షేర్ల వ్యాపారికి హోటల్ లాబీలో తాగాలని విపరీతంగా అనిపించిందట. బార్‌లోకి పోకుండా, తనలాంటి ఇంకో తాగుబోతు కోసం ఫోన్లు చేశాడట. దొరికినవాడు డాక్టర్ బాబ్. అతను చివరిసారి తాగింది జూన్ 10, అదే ఏఏ పుట్టినరోజు. ఈ కథ చెప్పి ఆయన అన్నాడు, "బిల్ ఫోన్ చేసింది బాబ్‌ని బాగు చెయ్యడానికి కాదు, తను తాగకుండా ఉండడానికి." పోయిన మంగళవారం రాత్రి పదకొండింటికి నేనూ అదే పని చేశా. నలభై నిమిషాలు మాట్లాడాడు, అదీ మొత్తం క్రికెట్ గురించే!

మీ చెల్లెమ్మ అల్-అనాన్ కి వెళ్తోంది, తాగేవాళ్ల ఇంట్లోవాళ్ల కోసం అది. అక్కడ ఏం చెబుతుందో నేనడగను. ఒక రోజు వచ్చి చాలాసేపు పడుకుని ఏడ్చింది. తర్వాత లేచి పులిహోర కలిపింది.

అయ్యో, అయిదున్నర! ఇవాళ టీ నా వంతు, పాలు కొనుక్కెళ్లాలి. ఓపెన్ మీటింగు, అంటే ఇంట్లోవాళ్లూ రావచ్చు కాబట్టి చిన్నోడూ వస్తానంటున్నాడు, చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. డబ్బు సంగతి రాయనే లేదు, రాత్రికి కూర్చుని

పిలుస్తున్నాడు, వెళ్తున్నా.

నీ రమణ