బల్బు పోలేదు, డ్రైవర్ పోయింది

సంపాదకుడు గారికి నమస్కారం.

మాది దేవరకొండ దగ్గర ఒక ఊరు. మోటార్ వైండింగు, ఫ్యాన్లు, మిక్సీలు, ఈమధ్య ఎక్కువగా ఎల్ఈడీ బల్బులు రిపేరు చేసుకుంటూ బతుకుతున్నా. పోయినేడు సద్దుల బతుకమ్మకు రెండు రోజుల ముందు మా ఊరి స్తంభాలకు కొత్త ఎల్ఈడీ లైట్లు బిగించారు. ఆ రాత్రి గుడి ముందర ఆడోళ్లు బతుకమ్మ ఆడుతుంటే వాకిలంతా పట్టపగల్లా ఉంది, అందరం సంబరపడ్డాం. సంక్రాంతికల్లా సగం ఆరిపోయాయి. ఉగాదికి వెలిగేవాటిని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇప్పుడు మళ్లీ కొత్తవి తెప్పిస్తారట. మరి పాతవి ఏం చేశారని అడిగితే పంచాయతీ ఆఫీసు వెనక గదిలో కుప్ప చూపించారు. ఈ లేఖ ఆ కుప్ప గురించే.

సర్పంచ్‌ను అడిగి అందులోంచి పదకొండు లైట్లు షాపుకు తెచ్చుకుని విప్పాను. పైన ప్లాస్టిక్ మూత తీస్తే అల్యూమినియం పలక మీద మెంతి గింజల్లాంటి పసుపు చుక్కలు వరసగా అతికించి ఉంటాయి, అవే ఎల్ఈడీలు. మీటరు పుల్లలు ఒక్కో గింజకు ఆనిస్తే, బాగున్న గింజ సన్నగా వెలుగుతుంది. పదకొండులో ఎనిమిదింట్లో ఒక్క గింజ కూడా పోలేదు. పోయింది వెనకున్న డ్రైవర్, అంటే కరెంటును డీసీగా మార్చి గింజలకు కొలత ప్రకారం పంపే చిన్న బోర్డు. ఆ బోర్డు మీది కండెన్సర్ల నెత్తి పూరీలా ఉబ్బి ఉంది. రెండింట్లో మాత్రం ఒక్కో గింజ మీద ఆవగింజంత నల్లమచ్చ కనపడింది. పెళ్లి పందిరికి కట్టే సీరియల్ సెట్టులో ఒకటి పోతే వరసంతా ఆరినట్టు ఇక్కడా అంతే. మిగిలిన ఒక్కదాంట్లోకి వాన నీళ్లు పోయాయి.

మనం ఆ గదిలో పడేసిన గింజ మామూలుది కాదండీ. ఎర్ర ఎల్ఈడీని అమెరికాలో నిక్ హోలోన్యాక్ 1962లోనే చేసి చూపించాడు, పాత టేప్‌రికార్డర్ల మీద మనం చూసిన ఎర్రచుక్క ఆ జాతిదే. తర్వాత పసుపు, ఆకుపచ్చ వచ్చాయి. తెల్లటి వెలుగు రావాలంటే నీలం కావాలి, ఆ నీలం మాత్రం దాదాపు ముప్పై ఏళ్లు ఎవరికీ లొంగలేదు. గాలియం నైట్రైడ్ అనే పదార్థంతో నీలం వస్తుందని తెలుసు కానీ దాన్ని పగుళ్లు లేని పొరగా పెంచడం ఎవరి వల్లా కాక చాలామంది వదిలేశారు. జపాన్‌లో నగోయా యూనివర్సిటీలో అకసాకి, ఆయన శిష్యుడు అమానో మాత్రం వదల్లేదు. 1986లో నీలమణి పలక మీద మంచి పొర పెంచగలిగారు. ఇంకోపక్క తోకుషిమాలో ఒక కంపెనీలో పనిచేసే నకమురా తన యంత్రాన్ని తానే మార్చుకుంటూ అదే పని మీద కూర్చుని, 1993 నాటికి బాగా ప్రకాశించే నీలం ఎల్ఈడీ తెచ్చాడు. దానికి ఆయనకు మొదట ముట్టింది ఇరవై వేల యెన్లు, తర్వాత కోర్టుకెక్కాల్సి వచ్చింది (పనోడి కష్టం ఏ దేశంలోనైనా అంతేనేమో). 2014లో ముగ్గురికీ కలిపి ఫిజిక్స్‌లో నోబెల్ ఇచ్చారు. మన వీధిలైటులో గింజ పసుపుగా కనపడటానికి కారణం కూడా ఈ నీలమే. లోపల నీలం చిప్పు ఉంటుంది, దాని మీద పసుపు ఫాస్ఫర్ పూస్తారు, కొంత నీలం అలాగే బయటికి వస్తుంది, కొంత పసుపుగా మారుతుంది, రెండూ కలిసి మన కంటికి తెల్లగా కనపడతాయి.

అలాంటి గింజ నిక్షేపంగా బతికుండగా పది రూపాయల కండెన్సర్ పోయిందని మొత్తం లైటు చెత్తలో వేస్తున్నాం. డబ్బా మీద 25,000 గంటలని రాసుంటుంది, రోజుకు పన్నెండు గంటలు వెలిగినా దాదాపు ఆరేళ్లు రావాలి. ఆ లెక్క గింజదే తప్ప డ్రైవర్‌ది కాదని కొనేటప్పుడు ఎవరూ చెప్పరు.

ధర తగ్గడం తప్పని నేననను. 2015లో తక్కువ ధరకు ఎల్ఈడీ బల్బులిచ్చే ఉజాలా పథకం వచ్చాక 60 వాట్ల గుండు బల్బు వెలుతురు 9 వాట్లలోనే పేదింటికి కూడా అందింది. 2014లో 310 రూపాయలు పడిన బల్బు 2016కల్లా సర్కారు టెండర్లలో 38కి దిగింది. కానీ ఊళ్లలో వీధిలైట్లు కొనేటప్పుడు తక్కువ కోట్ చేసినోడికే ఆర్డరు అంటే, వాడు ఎక్కడ మిగుల్చుకుంటాడు? నేను విప్పిన పదకొండింట్లో ఒక్కదాంట్లో కూడా పిడుగుపాటు, కరెంటు దెబ్బ కాచే ఎంఓవీ లేదు. నీలంరంగు బొత్తం లాంటిది, కొన్ని రూపాయల వస్తువు.

మా దగ్గర కరెంటు సంగతి అందరికీ తెలిసిందే. బోరుమోటార్లన్నీ నడిచేటప్పుడు వోల్టేజీ పడిపోతుంది, అవన్నీ ఒక్కసారి బందైతే ఎగిరిపడుతుంది, గాలివానకు న్యూట్రల్ తెగితే ఇళ్లలో టీవీలే కాలిపోతాయి, ఇక స్తంభం మీది లైటెంత. దానికితోడు మే నెల ఎండ. కండెన్సర్‌కు పది డిగ్రీల వేడి పెరిగితే ఆయుష్షు సగమవుతుందని మా పనిలో లెక్క. ఇంకో దరిద్రం ఏంటంటే మా ఊళ్లో రెండు వీధులకు మూడో వైరు, అంటే వీధిలైట్లకు విడిగా లాగే తీగ లేదు, అక్కడి లైట్లు ఆపే దిక్కులేక మిట్టమధ్యాహ్నం కూడా వెలుగుతుంటాయి. అలాంటప్పుడు ఏ కండెన్సర్ బతుకుతుంది చెప్పండి.

300 వోల్టుల దాకా తట్టుకునే డ్రైవర్లు, 440 వచ్చినా కాసేపు కాచుకునేవి మార్కెట్‌లో ఉన్నాయి. టెండరులో వాట్లు, ధర రాస్తున్నట్టే డ్రైవర్ ఎంతవరకు తట్టుకోవాలి, ఎంఓవీ ఉందా లేదా, వారంటీలో డ్రైవర్ ఉందా అన్నది కూడా రాయించాలి. డ్రైవర్ విడిగా మార్చుకునేలా ఉన్న లైట్లే కొనాలి, గింజలూ డ్రైవరూ ఒకే పలక మీద అతికించినవి వద్దు. మండలానికొకచోట మాలాంటి ఐటీఐ పిల్లలకు రిపేరు పని ఇస్తే ఆ గదుల్లో కుప్పలు ఉండవు. జిల్లా అధికారులు ఒక్కసారి ఏ ఊరి పంచాయతీ వెనక గదైనా తీసి చూస్తే చాలు, నేను చెప్పేది అర్థమవుతుంది.

నా దగ్గరున్న పదకొండులో రిపేరు చేశాక ఏడు వెలిగాయి. బస్టాప్ దగ్గరి స్తంభానికి ఒకటి లైన్‌మన్‌తో పెట్టించాం, మొన్నటి గాలివానను కూడా తట్టుకుంది. మిగతా ఆరు షాపులో ఉన్నాయి, పంచాయతీ వాళ్లు ఎప్పుడొచ్చినా తీసుకెళ్లొచ్చు.

– ఒక ఎలక్ట్రికల్ మెకానిక్, దేవరకొండ, నల్లగొండ జిల్లా