రంగు వేసే ముందు ఏ సంవత్సరం అని అడగండి

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన ఆదివారం జిల్లా పేజీలో ఒక స్కూల్ ఎగ్జిబిషన్ ఫోటో వేసినారు. ఆకుపచ్చ బాయిలర్, ఎర్ర చక్రాలు, ముందర రెండు బఫర్లు (తాకిడి ఆపడానికి పెట్టే గుండ్రటి దిమ్మెలు), వెనక బొగ్గు, నీళ్ళు మోసే టెండర్ మీద ఎస్.ఆర్. అని బంగారు అక్షరాలు ఉండే ఆవిరి ఇంజన్ మోడల్, దాని కింద "1935లో పాకాల లైన్లో తిరిగిన వైపీ ఇంజన్" అని రాసినారు. ఆ మోడల్ చేసిన పిల్లోళ్ళ చేతిపనికి దండం పెడతాను, అట్టముక్కలతో పైపుముక్కలతో బాయిలర్ అంత గుండ్రంగా తేవడం ఎంత కష్టమో నాకు తెలుసు, 20 ఏళ్ళుగా నేనూ ఇంట్లో ఇదే పని చేస్తా ఉండాను. కానీ ఆ రంగు, ఆ కింద రాత చూసినాక ఊరికే ఉండలేకపోయినా. మా నాయన ఆ లైన్లోనే ఇంజన్‌లో బొగ్గు వేసే ఫైర్‌మన్.

వైపీ ఇంజన్లు వచ్చిందే 1949 నుంచి సార్. వై అంటే మీటర్ గేజ్ (పట్టాల మధ్య ఒక మీటరు వెడల్పు), పి అంటే ప్యాసింజర్, 1970 దాకా మొత్తం 871 చేసినారు, అందులో చానా మటుకు జంషెడ్‌పూర్‌లో టాటా వాళ్ళు కట్టినవే. ఇంక ఎస్.ఆర్. అంటే సదరన్ రైల్వే, అది పుట్టింది 1951 ఏప్రిల్ 14న, అంతకుముందు కాట్పాడి, చిత్తూరు, పాకాల, తిరుపతి ఈ లైనంతా సౌత్ ఇండియన్ రైల్వే వాళ్ళది. అంటే 1935, వైపీ, ఎస్.ఆర్. ఈ మూడూ ఒకే ఇంజన్ మీద కలిసే వీలే లేదు.

బఫర్ల సంగతి ఇంకా బాధ అనిపించింది ఎందుకంటే మీటర్ గేజ్ బండికి మధ్యలో ఒకటే బఫర్, దానికే కొక్కెం, ఇటూ అటూ రెండు బఫర్లు ఉండేది ఇంకా వెడల్పు పట్టాల బ్రాడ్ గేజ్‌కి. రేణిగుంటలో ఒకప్పుడు రెండు గేజులూ పక్కపక్కనే ఉండేవి కదా, అక్కడ నిలబడి చూసినోళ్ళు ఎవరైనా ఈ తేడా చెప్పేస్తారు. మోడల్ కింద పట్టాలు కూడా చూసినా, ఎక్కడైనా దొరికే 16.5 మిల్లీమీటర్ల ట్రాక్. 87వ వంతు సైజు మోడల్‌కి అది 1435 మిల్లీమీటర్ల గేజ్ అవుతుంది, అది యూరప్, అమెరికా గేజ్, మన పాకాలలో ఆ వెడల్పు పట్టాలు ఏనాడూ లేవు. మీటర్ గేజ్‌కి పదకొండున్నర మిల్లీమీటర్లు రావాల, 12 మిల్లీమీటర్ల ట్రాక్ తెప్పిస్తే సరిపోతాది.

ఇప్పుడు రంగు, నేను అసలు రాయాలనుకున్నది దీని గురించే. ఎర్ర చక్రాలు జర్మనీ ఇంజన్లవి, అక్కడ కింద ఫ్రేము కూడా ఎరుపే, మార్కెట్లో దొరికే బొమ్మలు చూసి వేసుంటారు. నాయన చెప్పే ఇంజన్ నలుపు, ముందర బఫర్ బిగించే అడ్డపట్టీ, అంటే బఫర్ బీమ్ ఒక్కటే ఎరుపు. బాయిలర్ ముందర పొగ చేరే స్మోక్ బాక్స్ దగ్గర వేడికి ఏ రంగూ నిలవదు, అది ఎప్పుడూ మసి నలుపే, కానీ బాయిలర్ పక్కల నూనె పెట్టి కాటన్ వేస్ట్‌తో తుడిచి తుడిచి అద్దం మాదిరి మెరిసేదంట. ఒకటే ఇంజన్ మీద రెండు రకాల నలుపు. మోడల్‌కి మొత్తం ఒకటే డబ్బా నలుపు కొడితే రివెట్లు, పైపులు ఏవీ కనపడవు, చిన్న వస్తువు మీద రంగు ఇంకా ముదురుగా కనపడతాది కాబట్టి కొంచెం బూడిదరంగు కలిపి వేయాల.

పాత ఫోటో చూసి వేసినాము అంటారు కొందరు, ఫోటో కూడా మోసం చేస్తాది. పాతకాలం ఫోటో ప్లేట్లకి ఎరుపు తెలిసేది కాదు, ఎర్ర బఫర్ బీమ్ నల్లగా పడేది, నీలం అయితే తెల్లబోయి పడేది. ఫ్యాక్టరీ వాళ్ళు కొత్త ఇంజన్‌కి గీతలు స్పష్టంగా రావాలని బూడిదరంగు పూసి ఫోటో తీసి ఆ తరువాత అసలు రంగు వేసేవాళ్ళు, ఆ ఫోటో చూసి మోడల్‌కి బూడిదరంగు వేసినోళ్ళు ఉండారు. మన దగ్గర అయితే ఆయుధ పూజ నాటి ఫోటోలు. అరటి పిలకలు, పసుపు కుంకుమ బొట్లు, చామంతి దండలు, కొత్తగా కొట్టిన తెల్ల గీతలు, ఎంత బాగుంటాయో, కానీ మిగతా 364 రోజులు ఇంజన్ అట్లా ఉండదు.

పేరు చూసి కూడా నమ్మడానికి లేదు. ఇంగ్లండ్‌లో బ్రైటన్ లైన్ ఇంజనీరు స్ట్రౌడ్లీ తన ఇంజన్లకి వేయించిన రంగుకి "మెరుగైన ఇంజన్ ఆకుపచ్చ" అని పేరు, చూస్తే అది బంగారు పసుపు! 1882 నాటి గ్లాడ్‌స్టన్ ఇంజన్ యార్క్ మ్యూజియంలో ఆ రంగుతోనే ఉండాది. అక్కడిదే పేరున్న ఇంజన్ ఫ్లయింగ్ స్కాట్స్‌మన్ తీసుకోండి, 1923లో లేత ఆకుపచ్చ, యుద్ధంలో నలుపు, తరువాత కొన్నాళ్ళు నీలం, ఆ తరువాత ముదురు ఆకుపచ్చ, పొగను పక్కకు తోసే రేకులు 1961లో గానీ పెట్టలేదు. కాబట్టి 1930 నాటి మోడల్ అని చెప్పి ఆ రేకులు పెడితే తప్పే. ఇంజన్‌కి ఒక రంగు అని ఉండదు సార్, ఫలానా సంవత్సరం రంగు అనే ఉంటాది.

మా ఇంట్లోనే జరిగింది చెప్తాను. నాయన, ఆయన జతగాడు ఇంకో ఫైర్‌మన్ మామ, ఇద్దరూ కూర్చున్నప్పుడల్లా టెండర్ మీద అక్షరాల గురించి గొడవ. నాయన సదరన్ అంటాడు, మామ కాదు సౌత్ సెంట్రల్ అంటాడు, గొంతులు లేచేవి. నేను చదివి తెలుసుకున్నాక అర్థమయ్యింది, మన లైన్ ఉండే గుంతకల్లు డివిజన్ 1977లో సదరన్ నుంచి సౌత్ సెంట్రల్‌కి పోయింది, నాయన అంతకుముందు సంగతి చెప్తా ఉండాడు, మామ ఆ తరువాత సంగతి. ఇద్దరూ చూసిందే చెప్పినారు. ఆ మాట చెప్పేటప్పటికి మామ లేడు.

ఇంత పట్టుదల దేనికి, పిల్లోళ్ళ బొమ్మే కదా అని మీకు అనిపించవచ్చు. మీటర్ గేజ్ పట్టాలు పీకేసినారు, చంద్రగిరి, పనపాకం, పీలేరు, కలికిరి, మదనపల్లె రోడ్డు అన్నిచోట్లా ఇప్పుడు బ్రాడ్ గేజే, మా మనవడికి ఆ ఇంజన్ చూపించాలంటే మోడల్ తప్ప ఇంకేం లేదు. వాడు మీ పేపర్లో ఫోటో చూసి, తాతా జేజినాయన నడిపిన ఇంజన్‌కి ఎర్ర చక్రాలా అని అడిగినాడు.

ఆ మోడల్ పడేయాల్సిన పని లేదు. చక్రాలకి, బాయిలర్‌కి నలుపు వేసి, రెండు బఫర్లు తీసి మధ్యలో ఒకటి పెట్టి, ముందు 4 చిన్న చక్రాలు, మధ్యలో 6 పెద్దవి, వెనక 2 ఉండాయా అని లెక్క చూసుకుని, 1935 కొట్టేసి 1960 అని రాస్తే చాలు, టెండర్ మీద ఎస్.ఆర్. అట్లే ఉండొచ్చు. పెద్ద చక్రం అసలు సైజు 4 అడుగుల 6 అంగుళాలు, మిగతా కొలతలు కావాలంటే నేనే స్కూలుకి వచ్చి ఇస్తాను.

మీరు ఒక చిన్న సవరణ వేయండి. దాంతోపాటే పాకాల, చిత్తూరు, పీలేరు, కదిరి వైపు పాత రైల్వే కుటుంబాల వాళ్ళకి ఒక మాట కూడా వేయండి, ఇంట్లో ఇంజన్ ముందర నిలబడి తీసుకున్న ఫోటోలు ఉంటే పెద్దోళ్ళు ఉన్నప్పుడే అడిగి ఏ ఊరు, ఏ సంవత్సరం, పండగ రోజా మామూలు రోజా, టెండర్ ఏం రంగు అని వెనకాల పెన్సిల్‌తో రాసి పెట్టమని.

ఇట్లు
మీ పాఠకుడు,
కొర్లగుంట, తిరుపతి